లావా నేల మీద తెల్ల ద్రాక్ష: ఎట్నా బియాంకో గురించి మీ ప్రశ్నలు

గత సంచికలో ఎట్నా బియాంకో గురించి ఒక పేజీ రాశాను. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో, ఇప్పటికీ నిప్పులు కక్కే ఎట్నా కొండ వాలు మీద పండిన తెల్ల ద్రాక్షతో చేసే వైన్ అది. ముఖ్యమైన ద్రాక్ష రకం పేరు కర్రికాంతె, ఆ కొండదే. రాసింది కొంచెమే అయినా ఉత్తరాలు చాలా వచ్చాయి. అందులో దాదాపు సగం మంది లావా రుచి ఎలా ఉంటుందనే అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే ఇచ్చేస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: అన్నా, నేను ఎట్నా కింద ఉన్న కతానియా నగరంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇక్కడ ఏ రెస్టారెంట్‌కి వెళ్లినా మెనూలో ఎట్నా బియాంకో అని ఒకటి, ఎట్నా బియాంకో సుపీరియోరె అని ఇంకొకటి కనిపిస్తున్నాయి. రెండోది ఖరీదు ఎక్కువ. సుపీరియోరె అంటే మేలు రకం అనేనా?

జవాబు: చెల్లీ, పేరు చూస్తే అలాగే అనిపిస్తుంది, కానీ ఇక్కడ ఆ మాట ముందుగా చెప్పేది ఒక ఊరి గురించి. ఎట్నా వైన్‌లకు 1968లో డీఓసీ గుర్తింపు వచ్చింది. అంటే ఏ హద్దుల్లో పండిన ఏ ద్రాక్షతో చేస్తే ఆ పేరు పెట్టుకోవచ్చో చెప్పే చట్టం. సిసిలీలో ఆ గుర్తింపు మొదట వచ్చింది ఎట్నాకే. దాని ప్రకారం మామూలు ఎట్నా బియాంకోలో కనీసం 60 శాతం కర్రికాంతె ఉండాలి. మిగతా 40 శాతం దాకా కతర్రాత్తో కలుపుకోవచ్చు, అది సిసిలీ అంతటా పండే తెల్ల రకం, నోట్లో కొంచెం చిక్కగా అనిపించే వైన్ ఇస్తుంది. మిన్నెల్లా లాంటి పాత స్థానిక రకాలకు కూడా కాస్త చోటు ఉంది.

సుపీరియోరె అని రాయాలంటే కర్రికాంతె కనీసం 80 శాతం ఉండాలి, పైగా ద్రాక్ష మొత్తం మిలో అనే ఒకే ఒక్క ఊరి పొలిమేర లోపల పండాలి. గట్టు దాటి పక్క ఊళ్లో పండితే, నూటికి నూరు శాతం కర్రికాంతె అయినా సరే, ఎంత గొప్పగా చేసినా సరే, ఆ మాట రాసుకోవడానికి వీల్లేదు. కాబట్టి కొండకి ఉత్తరాన కాస్తిల్యోనె దగ్గర, నైరుతిన బియాంకవిల్లా దగ్గర చేసే చాలా మంచి వైన్లు వట్టి 'బియాంకో' పేరుతోనే అమ్ముడవుతాయి. తక్కువ రకం అనుకుని వాటిని వదిలేయకు.

మరి మిలోకే ఎందుకు ఆ గౌరవం అంటావా, అది కొండకి తూర్పు వాలు. ఎదురుగా అయోనియన్ సముద్రం. సముద్రం మీంచి వచ్చే తడి గాలి నేరుగా కొండకి కొట్టుకుని పైకి లేచి అక్కడే కురుస్తుంది, అందుకే ఎట్నా వైన్ ఊళ్లలో బాగా వానలు పడేది అక్కడే. ఎత్తు కూడా ఎక్కువ, చాలా తోటలు 700 నుంచి 900 మీటర్ల మధ్య ఉంటాయి. ఆ చలికి, ఆ తడికి ఎట్నా నల్ల ద్రాక్ష నెరెల్లో మస్కలేసె సరిగా పండదు. అక్కడి పెద్దవాళ్లు అది గమనించే కర్రికాంతె నాటుకున్నారు. ఏదో ఒక్కటే కొనాలంటే నేను మిలోదే కొంటాను, కానీ స్టూడెంట్ బడ్జెట్ అంటే మంచి చేతిలో తయారైన మామూలు బియాంకో చాలు.

ప్రశ్న: నేను రైతుని సార్. వైన్ ముట్టను, కానీ మీరు రాసింది చదివాక ఒక సందేహం వచ్చింది. బూడిద, రాళ్లు తప్ప మట్టే లేని చోట తీగ ఎలా బతుకుతుంది? నీళ్లు ఎలా పెడతారు? పందిరి వేస్తారా?

జవాబు: అయ్యా, వచ్చిన ఉత్తరాల్లో నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న మీది. వైన్ తాగేవాళ్లు ఎవరూ అడగనిది మీరు అడిగారు.

ముందు మట్టి సంగతి. కొత్తగా పారి చల్లారిన లావాని అక్కడివాళ్లు షారా అంటారు. అది నల్లగా, ఇనుప చిట్టెంలా గరుగ్గా ఉంటుంది, దాని మీద ఏమీ మొలవదు. ఏళ్లు గడిచాక రాతి మీద బూడిద రంగు నాచులాంటి లైకెన్ పడుతుంది. తర్వాత పసుపు పూల ఎట్నా జినెస్త్రా పొద వస్తుంది, దాని వేళ్లు నెర్రెల్లోకి దూరి రాయిని విడగొడతాయి. ఆకు రాలి, కుళ్లి, దుమ్ము చేరి, అలా వందల ఏళ్లకి ఒక పొర మన్ను తయారవుతుంది. అందుకే ఎట్నా మీద ఒక లావా ప్రవాహం వయసు ఎంతో, దాని మీద ఏం పెరుగుతోందో చూసి ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. ఇది ఒక దారి. రెండో దారి పై నుంచి వస్తుంది. కొండ పేలినప్పుడల్లా ఎగజిమ్మే బూడిద, చిన్న చిన్న తేలిక రాళ్లు చేలల్లో పడి, నల్ల ఇసకలా, సన్న కంకరలా పేరుకుంటాయి. దాన్ని వాళ్ల యాసలో రిపిద్దు అంటారు. ద్రాక్ష వేళ్లు ఎక్కువగా తిరిగేది ఇలాంటి నేలలోనే.

ఆ నేలలో నీళ్లు నిలవవు, పడ్డ వాన పడ్డట్టే కిందికి జారిపోతుంది. కాబట్టి వేరు కుళ్లదు, అలాగే వేరు పైపైన బద్ధకంగా ఉండిపోవడానికీ కుదరదు, తడి వెతుక్కుంటూ లోతుకి పోవాల్సిందే. పాత తోటలకు నీళ్లు పెట్టే పద్ధతే లేదు, మొత్తం వర్షాధారం.

పందిరి లేదు. అల్బెరెల్లో అంటారు, చిన్న చెట్టు అని అర్థం. ఒక్కో మొక్కని పొదలాగా కురచగా కత్తిరించి, పక్కన ఒక చెస్ట్‌నట్ కర్ర పాతి, దానికి కడతారు. కర్ర కూడా ఆ కొండదే, ద్రాక్ష తోటల పైనంతా చెస్ట్‌నట్ అడవులు ఉంటాయి. (మిలో పక్కనే ఉన్న సంత్ అల్ఫియో ఊళ్లో 'నూరు గుర్రాల చెట్టు' అని వేల ఏళ్ల చెస్ట్‌నట్ చెట్టు ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ వైపు వెళ్లేవాళ్లు దాన్ని చూడకుండా రావొద్దు.) పాత తోటల్లో మొక్కలు వరసగా కాకుండా ఒకదానికొకటి సందు ఇచ్చుకుంటూ, ఏ వైపు చూసినా సమాన దూరంలో ఉండేలా నాటారు. ఎటు గాలి వీచినా దూరుతుంది, ఎండ అన్ని మొక్కలకూ తగులుతుంది. కష్టమేమిటంటే అందులోకి ట్రాక్టరు పోదు. ఒకప్పుడు కంచర గాడిదలతో చేసేవారు, ఇప్పటికీ చాలా పని చేతి పారతోనే జరుగుతుంది.

ఇక గట్లు. వాలు మీద చేను నిలవాలంటే మెట్లు మెట్లుగా చదును చేసి, ప్రతి మెట్టుకీ రాతి గోడ కట్టాలి. చేలోంచి తీసిన లావా రాళ్లనే సున్నం, సిమెంటు ఏమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు. సిమెంటు వేస్తే వాన నీటి ఒత్తిడికి గోడ పగులుతుంది, పేర్చిన రాళ్లయితే సందుల్లోంచి నీటిని వదిలేసి నిలబడతాయి. గోడకు పోగా మిగిలిన రాళ్లని ఎక్కడికీ తోలలేక చేలోనే బురుజుల్లా పేర్చేశారు, అవి కూడా ఇప్పటికీ ఉన్నాయి. ఒక గోడ కూలితే తిరిగి పేర్చడానికి తెలిసిన చేతులు కావాలి, ఆ చేతులు తగ్గిపోతున్నాయి.

ఇంకొక్క మాట, మీకు ఆసక్తిగా ఉంటుంది. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్ష తోటల్లో చాలా భాగాన్ని నాశనం చేసిన ఫిలోక్సెరా అనే వేరు పేను 1880లో సిసిలీలో కనబడింది. అప్పటి నుంచి దాదాపు అందరూ ఆ పేనుని తట్టుకునే అమెరికా వేరు మొక్క మీద తమ రకాన్ని అంటు కట్టి నాటుతున్నారు. ఎట్నాకి కూడా ఆ తెగులు పెద్ద దెబ్బే. కానీ ఇసక ఎక్కువగా ఉన్న నేలలో ఆ పేను బాగా కదల్లేదు, బతకలేదు. అందుకని కొండ మీద అక్కడక్కడా అంటు కట్టని, సొంత వేళ్ల మీద నిలబడ్డ తీగలు వందేళ్లు దాటినవి మిగిలాయి. లావు మొదలు, మెలికలు తిరిగిన కొమ్మలు, పైన ఐదారు గుత్తులు. అలాంటి మొక్క ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ప్రశ్న: అగ్నిపర్వతం మీద పండింది కాబట్టి అందులో లావా రుచి, గంధకం వాసన ఉంటాయట కదా? సీసాల మీద 'మినరల్' అని కూడా రాస్తారు.

జవాబు: ఉండవండీ. ఈ ఒక్క మాట చెప్పాలనే ఈ శీర్షిక మొత్తం రాస్తున్నాను.

తీగ వేరు రాయిని తినదు. నీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటివి తీసుకుంటుంది, ఏ నేలలోనైనా ఏ మొక్కైనా చేసే పనే అది. వాటిలో చివరికి వైన్‌లోకి చేరేది మన నాలుక రాయి రుచిగా గుర్తు పట్టేంత ఉండదు. ఆ మాటకొస్తే చల్లారిన లావా రాయికి వాసనే లేదు. మరి తాగినవాళ్లకి తడి రాయి, చెకుముకి రాయి, ఉప్పు గాలి ఎందుకు గుర్తొస్తాయి అంటే, అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది. పులుపు బాగా ఎక్కువగా ఉండి, పండు వాసన తక్కువగా ఉండి, ఈస్టు పులిసేటప్పుడు పుట్టించే కొన్ని గంధక సమ్మేళనాలు సన్నగా తోడైతే మన ముక్కూ నాలుకా దానికి రాయి అనే పేరు పెట్టుకుంటాయి. అగ్నిపర్వతం ఛాయ కూడా లేని చోట్ల పండిన వైన్లకీ ఆ మాట వాడతారు.

అయితే ఆ కొండ ఏమీ ఇవ్వలేదా? చాలా ఇచ్చింది. 3,300 మీటర్లు దాటిన ఎత్తు అది. సిసిలీ అంటే ఎండ, మైదానంలో తెల్ల ద్రాక్ష ఆగస్టులోనే కోతకి వస్తుంది. అదే ద్వీపంలో, అదే సూర్యుడి కింద, ఎట్నా పై చేలల్లో కర్రికాంతె అక్టోబరు దాకా తీగ మీదే ఉంటుంది. పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రి చలి దిగుతుంది. ఆ చలికి కాయలో పులుపు కరిగిపోకుండా ఆగుతుంది. తొందరపడి తియ్యబడకుండా, వాసన నెమ్మదిగా కూడుతుంది. తూర్పు వాలు మీద మధ్యాహ్నం దాటాక కొండే సూర్యుడికి అడ్డం వస్తుంది, అది కూడా చల్లదనమే. నీరు నిలవని నేల వల్ల కాయ ఉబ్బిపోదు. లావా ఇచ్చింది రుచి కాదు, ఆ ఎత్తు, ఆ నేల.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, 'లావా రుచి' అని అనగానే గొప్పంతా కొండకి పోతుంది. ఆ వాలు మీద గోడలు పేర్చినవాళ్లకి, నల్ల ద్రాక్ష పండని చోట తెల్లది నాటాలని కనిపెట్టినవాళ్లకి, అక్టోబరు వానల టెన్షన్ పడుతూ కూడా కోతకి ఆగినవాళ్లకి ఏమీ మిగలదు. ఒక వారం ముందు కోసేస్తే ఆ వైన్ ఇలా ఉండదు.

ప్రశ్న: స్నేహితుడు సిసిలీ నుంచి తెచ్చిన సీసా తెరిచాం సార్. ఏడాది కిందటి పంటే. నిమ్మరసం తాగినట్టు పళ్లు జివ్వుమన్నాయి, వాసన కూడా ఏమీ లేదు. చెడిపోయిందంటారా?

జవాబు: చెడిపోలేదు, మీరు తొందరపడ్డారు. బహుశా బాగా చల్లగా కూడా తాగి ఉంటారు.

కర్రికాంతె పేరు 'బరువు వేయడం' అనే మాట నుంచి వచ్చిందంటారు, గుత్తులు అంత విరగకాస్తుంది. కాపు అదుపు చేయకపోతే పలచని, పుల్లని నీళ్లలాంటి వైన్ వస్తుంది, చాలాకాలం దానికి ఉన్న పేరు కూడా అదే. కాపు తగ్గించి బాగా పండించినా పులుపు మాత్రం పోదు. అందులో మాలిక్ ఆమ్లం ఎక్కువ, పచ్చి యాపిల్ కొరికితే పళ్లకి తగిలేది అదే. పాతకాలపు రైతులు దీనికి ఒక ఉపాయం చేసేవారు. రసం పులిసి వైన్ అయ్యాక అడుగున దిగిన ఈస్టు మడ్డిని తీసేయకుండా, ఆ మడ్డి మీదే పీపాల్లో చలికాలమంతా వదిలేసేవారు. వసంతంలో ఎండ వేడెక్కగానే బాక్టీరియా లేచి మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేది. లాక్టిక్ అంటే పెరుగులో ఉండే పులుపు, మెత్తగా ఉంటుంది. ఇప్పుడు ఆ మార్పుని జరగనివ్వాలా వద్దా అన్నది చేసేవాళ్ల ఇష్టం, కొందరు ఆ పచ్చి పులుపే కావాలని ఆపేస్తారు.

లేతగా ఉన్నప్పుడు నిమ్మ, పచ్చి యాపిల్, కాస్త తెల్ల పూల వాసన, అంతే. నాలుగైదేళ్లు ఆగితే నారింజ పువ్వు, సోంపు, తేనె మెల్లగా బయటికొస్తాయి. ఇంకా ముదిరితే సన్నగా కిరోసిన్ లాంటి వాసన కూడా వస్తుంది, భయపడకండి, అది లోపం కాదు, జర్మనీ రీస్లింగ్ వైన్లు ముదిరినప్పుడు వచ్చేదే. మంచి చేతిలో తయారైన కర్రికాంతె పదేళ్లు దాటినా గట్టిగా నిలబడుతుంది. ఆ పులుపే దాన్ని కాపాడుతుంది.

నాకూ ఇలాంటిదే ఒకసారి జరిగింది. కతానియాలో ఒక హోటల్లో సీసాని ఐసు బకెట్‌లో మునిగేలా పెట్టి తెచ్చారు, మొదటి గ్లాసులో నీళ్లకీ దానికీ తేడా తెలియలేదు. బకెట్ తీయించి, కబుర్లు చెప్పుకుంటూ ఒక అరగంట ఊరుకున్నాం. అప్పుడు తీసిన గ్లాసు వేరే వైన్‌లా ఉంది. 10, 12 డిగ్రీలు సరిపోతుంది, సన్న గ్లాసు కాకుండా కాస్త వెడల్పుది తీసుకోండి. రెండో సీసా ఉంటే చీకటిగా, చల్లగా ఉండే చోట పడుకోబెట్టి మూడేళ్లు మర్చిపోండి.

ప్రశ్న: కొండ పేలితే తోటల సంగతేంటి? వాళ్లకి భయం లేదా?

జవాబు: లేకపోవడం ఏమిటండీ. 1928 నవంబరులో లావా మస్కలి ఊరిని దాదాపు మొత్తం మింగేసింది, నెరెల్లో మస్కలేసె పేరులో ఉన్నది ఆ ఊరే. 1981 మార్చిలో రందాజ్జో దగ్గర లావా దిగి రోడ్లని, రైలు పట్టాలని, ద్రాక్ష తోటల్ని కప్పేసింది. అలా పోయిన చేను మన జన్మలో మళ్లీ చేను కాదు. అయితే లావా చాలాసార్లు నెమ్మదిగా నడుస్తుంది, మనుషులు తప్పుకోగలరు. మిలోకి పైన వాల్లె దెల్ బోవె అనే పెద్ద గుంట లోయ ఉంది, తూర్పుకి దిగే లావాలో చాలా భాగం అందులోనే ఆగుతుంది.

ఏటా తగిలే బాధ బూడిదతో. 2021లో నెలల తరబడి పేలుళ్లు ఆగలేదు, వీధులు, మిద్దెలు, తోటలు అన్నీ నల్లబడ్డాయి. లేత ఆకు మీద, పూత మీద పడితే గీరుకుపోతుంది, గుత్తుల మీద పడితే కడుక్కోవాలి. అయినా ఆ కొండని వాళ్లు తిట్టరు. వాళ్ల భాషలో ఎట్నాని 'ఆ ముంతాన్యా' అంటారు, వట్టి 'కొండ' అని, అదీ ఆడమనిషిని పిలిచినట్టు. మన భాషలో అయితే కొండమ్మ అనాలి.

ప్రశ్న: ఈ వైన్ ఎప్పటి నుంచో ఇంత పేరున్నదేనా? ఇరవై ఏళ్ల కింద సిసిలీలో పనిచేశాను, అప్పుడు ఎవరూ దీని గురించి మాట్లాడేవారు కాదు.

జవాబు: మీ జ్ఞాపకం సరైనదే. 19వ శతాబ్దంలో ఎట్నా చుట్టూ విపరీతంగా ద్రాక్ష ఉండేది, రిపోస్తో రేవు నుంచి వైన్ పీపాలు ఓడలెక్కేవి. కొండ చుట్టూ తిరిగే చిర్కుమెత్నేయా రైలు మార్గం 1895 నాటికి పూర్తయితే, అది మోసిన సరుకులో వైన్ కూడా ఉండేది. కానీ ఆ వైన్‌లో చాలా భాగం వేరే చోటి వైన్లలో కలపడానికి పోయేది, సొంత పేరుతో కాదు. తర్వాత ఫిలోక్సెరా, యుద్ధాలు, వలసలు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, గట్లు కూలాయి. పల్మెంతో అని లావా రాతితో కట్టిన పాత వైన్ ఇళ్లు ఉండేవి, పై తొట్టిలో కాళ్లతో తొక్కితే రసం కాలువల గుండా కింది తొట్టిలోకి దానంతటదే జారేది. యూరప్ పరిశుభ్రత నియమాలు వచ్చాక అమ్మే వైన్‌ని అందులో చేయడం కుదరలేదు, అవీ మూతపడ్డాయి.

తెల్ల వైన్ కథ మలుపు తిరిగింది 1988లో. జుసెప్పె బెనాంతి అనే ఆయన మందుల వ్యాపారం కుటుంబం నుంచి వచ్చి, కొండ మీది పాత తోటల్ని పట్టించుకోవడం మొదలుపెట్టాడు. ఆయనతో సాల్వో ఫోతి అనే వైన్ నిపుణుడు పనిచేశాడు. మిలో పాత కర్రికాంతె తీగలతో వాళ్లు చేసిన పియెత్రమరీనా అనే వైన్ మొదటి పంట 1990ది. కర్రికాంతెతో పదేళ్లు నిలిచే వైన్ చేయొచ్చని అది చూపించింది, అంతకు ముందు దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. 2000 దాటాక బయటివాళ్లు కూడా కొండెక్కడం మొదలుపెట్టారు, ముందు ఎర్ర వైన్ కోసం, తర్వాతే తెల్లది. మీరు ఉన్నప్పుడు ఆ మాట ఇంకా కిందికి దిగలేదు, అంతే.

ప్రశ్న: సీసా మీద 'కొంత్రాదా' అని ఒక పేరు ఉంది, అదేమిటి?

జవాబు: చేని పేరు అనుకోండి, ఊరిలో ఒక భాగం. ఎట్నా మీద అలాంటివి 130కి పైగా అధికారికంగా గుర్తించారు. పక్కపక్కనే ఉన్న రెండు కొంత్రాదాల్లో ఒకటి వెయ్యేళ్ల నాటి లావా మీద, ఇంకొకటి అంతకంటే ఎంతో పాతదాని మీద ఉండొచ్చు, అందుకే ఆ పేరుకి విలువ. మిలోలో కసెల్లె, రినాజ్జో లాంటివి వినిపిస్తుంటాయి.

ప్రశ్న: గ్రీసులో శాంతోరిని తెల్ల వైన్ కూడా అగ్నిపర్వత ద్వీపానిదే కదా. రెండూ ఒకేలా ఉంటాయా?

జవాబు: బంధువుల్లా ఉంటాయి, కానీ ఒక ఇంటివి కావు. శాంతోరిని అస్సిర్తికో ద్రాక్ష సముద్రానికి దగ్గరగా, దాదాపు వాన లేని, గాలి కోసేసే నేలలో పండుతుంది. గాలికి తట్టుకోవడానికి తీగని నేల మీదే బుట్టలా చుట్టి పెంచుతారు. అది పులుపుతో పాటు వేడి, బరువు ఉన్న వైన్. మిలోది వాన, చలి, ఎత్తు, వైన్ కూడా సన్నగా నిటారుగా ఉంటుంది. రెండింటినీ చూసినా 'అగ్నిపర్వతం రుచి' అనేది ఒకటి లేదని తెలిసిపోతుంది.

ప్రశ్న: రోజుకో గ్లాసు వైన్ గుండెకి మంచిదంటారు. ఇలాంటి సహజమైనదైతే ఇంకా మంచిదేమో?

జవాబు: కాదండీ. ఎంత పాత తీగదైనా అందులో ఉన్నది ఆల్కహాలే. ఫలానా మోతాదు వరకూ తాగితే ప్రమాదం లేదని చెప్పే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యం కోసం మొదలుపెట్టకండి. మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా అసలు వద్దు.

ప్రశ్న: అక్టోబరులో మేమిద్దరం సిసిలీ వెళుతున్నాం. ఒక్క రోజు ఎట్నా తోటలకి కేటాయించగలం. ఏం చూడాలి, ఏం తినాలి చెప్పండి సార్.

జవాబు: మంచి నెల ఎంచుకున్నారు, కోత చూడొచ్చు. చాలామంది ఒక్క రోజులో ఉత్తరం, తూర్పు రెండూ తిరగాలనుకుని దారిలోనే గడిపేస్తారు. ఎర్ర వైన్ మీద ఆసక్తి ఉంటే ఉత్తరానికి, రందాజ్జో, పస్సోపిషారో వైపు వెళ్లండి. మనం మాట్లాడుకుంటున్న తెల్లది కావాలంటే నేరుగా మిలో. చిర్కుమెత్నేయా రైలు సరదాగా ఉంటుంది కానీ అది మిలో ఎక్కదు, ఆదివారాలు నడవదు కూడా. జార్రె దాకా మామూలు రైల్లో వచ్చి అక్కడి నుంచి కారు మాట్లాడుకోవడం నయం. తాగి నడపొద్దు, ఆ దారులు మలుపులే మలుపులు. తోటవాళ్లకి ముందుగా రాసి ఒప్పుకున్నాకే వెళ్లండి, కోత రోజుల్లో చెప్పకుండా వెళితే వాళ్ల పని ఆగిపోతుంది.

తిండి విషయంలో, ఈ వైన్ పులుపు నూనెనీ ఉప్పునీ కోస్తుంది కాబట్టి వేయించిన చిన్న చేపలు, కాల్చిన కత్తి చేప, నిమ్మ పిండిన ఆంకోవీ చేపలు దీనికి బాగా కుదురుతాయి. కతానియా చేపల బజారు పొద్దున్నే చూసి బయల్దేరితే ఈ మాట మీకే అర్థమవుతుంది. శాకాహారులైతే వేయించిన వంకాయ, టమాటా, ఉప్పు రికోత్తా జున్ను వేసి చేసే పాస్తా అల్లా నోర్మా తినండి, అది కతానియాదే. కానీ టమాటా పులుపు ఉంది కాబట్టి దానికి కతర్రాత్తో కలిసిన, కాస్త మెత్తని బియాంకో అడగండి.

మిలోకి పొద్దున పదింటిలోపే చేరుకోండి. ఉదయం సూర్యుడు సముద్రం మీంచి నేరుగా తోటల మీద పడతాడు, నల్ల నేల మీద ఆకుల పసుపు అప్పుడే బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక ఎండ కొండ వెనక్కి పోతుంది, ఒక్కసారిగా చలి దిగుతుంది. స్వెటర్ మర్చిపోవద్దు.